గార్డు మూసుకోలేదు

4వ తేదీ, బుధవారం

తొమ్మిది కుట్లు. కుడి తొడ మీద, మోకాలికి జానెడు పైన. ఎముక దాకా పోలేదు, నరం తెగలేదు, నేను స్పృహ తప్పలేదు. కుట్లు వేసిన డాక్టరు చిన్నపిల్ల. ఏం పని చేస్తారని అడిగింది. వడ్రంగం అన్నాను. "మీ ఆయనా అదే పనా?" అంది. "మా ఆయన టైలరు. కుట్లు నీకన్నా దగ్గరగా వేస్తాడు" అన్నాను. సూది చేతిలో ఉన్న మనిషితో అలా మాట్లాడకూడదు. కానీ నవ్వింది పాపం.

ఇరవై రెండేళ్లలో ఒంటి మీద ఒక్క గాటు పడలేదని అందరికీ చెప్పుకుని తిరిగినదాన్ని. ఆ గొప్ప ఈరోజుతో సరి.

జరిగింది ఇదీ. అలమర తలుపులకి సన్నని పట్టీలు కోస్తున్నాను, చేతి రంపం మిషనుతో. ఆఖరి పట్టీ తెగింది. స్విచ్ వదిలి మిషను పక్కకి దించాను. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు కింది గార్డు టక్కున జారి వచ్చి పళ్లని కప్పెయ్యాలి. అది ఉన్నదే అందుకు. గార్డు మూసుకోలేదు. బ్లేడు ముందు ప్యాంటు పట్టుకుంది, తర్వాత నన్ను పట్టుకుంది.

ఆసుపత్రికి అందరూ పరిగెత్తుకొచ్చారు. "ఎలా అయిందే?" అని అక్క ఏడుస్తూ అడిగితే ఆ మాటే చెప్పాను. గార్డు మూసుకోలేదు. అక్క చప్పున పక్కనున్న బావ వైపు తిరిగింది.

"సోమవారమే కదయ్యా నువ్వు సర్వీసు చేసిచ్చింది! కొత్త స్ప్రింగు వేశానన్నావు!"

నేను కళ్లు మూసుకున్నాను. మందు మత్తు అనుకుంటాను.

నేను ఆయన పేరు ఎత్తలేదు.

5వ తేదీ, గురువారం

గార్డు మూసుకోలేదన్నాను. నిజంగానే మూసుకోలేదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

6వ తేదీ, శుక్రవారం

మంచం మీద రాణీవైభోగం. మా ఆయన తన కుట్టుమిషను మంచం పక్కకి లాక్కొచ్చి పెట్టుకున్నాడు. వంట కూడా ఆయనే. కూరలో ఉప్పు మర్చిపోయి, "కుట్లు పడ్డవాళ్లు ఉప్పు తినకూడదు" అని కొత్త వైద్యం చెప్పాడు. "మరి మీ కంచంలో కూడా లేదేం?" అంటే, "నీకు తోడు" అన్నాడు. పెళ్లయి పాతికేళ్లు. ఈ మనిషి మాట కోసం తడుముకోవడం ఇంతవరకు చూడలేదు.

సాయంత్రం బావ వచ్చాడు. మిషన్లు బాగుచేసే షాపు ఆయనది. నా రంపం మిషను ఆసుపత్రి నుంచి వస్తూ వస్తూనే పట్టుకెళ్లి విప్పి చూశాడట. మామూలుగా అయితే ఆయన నోరు గుమ్మంలోంచే మొదలవుతుంది. "మేస్త్రమ్మా, కాఫీ ఇస్తావా, లేక మేకు కొట్టి నన్నే గోడకి తగిలిస్తావా?" అంటూ వస్తాడు. ఈరోజు కుర్చీ అంచున కూర్చుని, పళ్ల సంచీ ఒళ్లో పెట్టుకుని, మెల్లిగా అడిగాడు.

"బ్లేడు లోతెంత పెట్టావు?"

"చెక్క కింద ఒక్క పన్ను కనపడేంత. నువ్వు చెప్పినట్టే."

"బ్లేడు మొద్దుబారిందా?"

"పోయిన నెలే సాన పట్టించాను."

"చెక్క ఊగిందేమో?"

"రెండు పక్కలా ఆనించి క్లాంపులు బిగించాను బావా."

"అన్నీ సరిగ్గానే చేశావు" అని లేచాడు. ఇంకొక్క ప్రశ్న మిగిలిపోయింది. అది ఆయన అడగలేదు. చెప్పులేసుకుంటూ తనే అన్నాడు. "గార్డు అడ్డం రాకుండా పుల్ల పెట్టి తెరిచి ఉంచావా అని నిన్ను అడగక్కర్లేదు. ఆ దరిద్రపు పని చెయ్యనిది ఇక్కడ మా మరదలొక్కతే."

మంచి పళ్లు తెచ్చాడు. తినబుద్ధి కాలేదు.

7వ తేదీ, శనివారం

గార్డుకి పుల్ల పెట్టానని ఇక్కడ రాసుకోవాల్సిన పని లేదు. నాకు తెలిసిందే కదా.

8వ తేదీ, ఆదివారం

పెద్దమేస్త్రి చూడడానికి వచ్చాడు. కలప డిపోకి వచ్చే వడ్రంగులందరిలోకీ పెద్దవాడు. ఆయన తుమ్మితే మిగతావాళ్లు చేతిరుమాళ్లు తీస్తారు.

"ప్రాణం మీదికి తెచ్చాడు కదమ్మా మీ బావ! నా మిషన్లు రెండూ అతని షాపులోంచి తెచ్చేసుకున్నాను. మనవాళ్లందరూ తెచ్చేసుకుంటున్నారు" అన్నాడు.

"పాపం, ఆయనేం చేస్తాడు పెద్దయ్యా. కొత్త స్ప్రింగులు కూడా ఒక్కోసారి..." అన్నాను.

బావకి సాయం చేద్దామనే అన్నాను. ఇప్పుడు రాసి చూసుకుంటే, తప్పు స్ప్రింగుదేనని నేనే సంతకం పెట్టి ఇచ్చినట్టుంది.

9వ తేదీ, సోమవారం

బావ ఒక అట్టముక్క పంపించాడు, నా పనిబల్ల పైన వేలాడదీసుకోమని. లావు అక్షరాలతో ఆయనే రాశాడు. ప్లగ్గు ఊడదీశాకే బ్లేడు ముట్టుకో. చెక్క రెండు పక్కలా ఆనాలి, లేకపోతే కోత మూసుకుని బ్లేడుని కరుచుకుంటుంది, మిషను వెనక్కి తంతుంది. మిషనుకి సూటిగా వెనకాల నిలబడకు, ఓ పక్కకి జరుగు. వదులు చేతుల చొక్కా వద్దు. కళ్లద్దాలు పెట్టుకో. గార్డులో పొట్టు రోజూ దులుపు. మొదలుపెట్టే ముందు గార్డు వెనక్కి లాగి వదులు, దానంతటది మూసుకుందో లేదో చూడు.

అట్ట అడుగున, విడిగా: "సర్వీసు చేసినవాణ్ని నమ్మకు. నువ్వే చూసుకో."

రేపు చెప్పేస్తాను.

10వ తేదీ, మంగళవారం

కాలు లాగుతోంది. రేపు.

11వ తేదీ, బుధవారం

మా ఆయన నా చిరిగిన ప్యాంటు ఉతికి రఫ్ఫు చెయ్యడానికి కూర్చున్నాడు. చిరుగుని వెలుతురులో పట్టుకుని, "ఎంత నీటుగా కోశావే! నా కత్తెర కూడా ఇలా కొయ్యదు. షాపులో నీకు ఉద్యోగం ఇస్తాను" అన్నాడు. నేను నవ్వుతాననుకున్నాడు. నవ్వలేదు.

దారం కొరికి, తలెత్తకుండానే అడిగాడు. "కుట్లు తొమ్మిదే. నీకు నొప్పి ఇంకెక్కడో ఉంది. ఎక్కడ?"

చెప్పేశాను. సన్నని పట్టీలు కోసేటప్పుడు గార్డు ప్రతిసారీ చెక్క అంచుకి తగులుకుని మొరాయిస్తుంది. అసలు ఎడమచేత్తో దాని పిడి పట్టుకుని కొంచెం పైకెత్తి, బ్లేడు చెక్కలోకి దిగాక వదిలెయ్యాలి. పద్నాలుగు పట్టీలు. పద్నాలుగు సార్లు ఎత్తడానికి బద్ధకం. కొత్త స్ప్రింగు మరీ గట్టిగా ఉంది, బావ అంత బాగా వేశాడు మరి. కింద పడున్న ప్లై ముక్క ఒకటి తీసి, గార్డు వెనక్కి లాగి సందులో దోపాను. పద్నాలుగూ చకచకా అయిపోయాయి. ఎంత సుఖంగా ఉందో అనుకున్నాను కూడా.

"అది మొదటిసారా?" అన్నాడు.

ఈ మనిషితో ఇదే చిక్కు. సరైన చోట సూది దింపుతాడు.

మొదటిసారి కాదు. సన్నని పని వచ్చినప్పుడల్లా పెడతాను. పని అయ్యాక తీసి పారేస్తాను. ఎవరూ లేనప్పుడు.

ఇంకొకటి కూడా చెప్పాను. ప్యాంటు తడిసి రక్తం కిందికి కారుతుంటే, నేను మొదట చేసిన పని గుడ్డ కట్టుకోవడం కాదు. ప్లగ్గు పీకాను, ఆ ముక్క ఊడదీసి పొట్టులోకి విసిరేశాను, ఆ తర్వాతే మా ఆయన్ని కేకేశాను.

మా ఆయన తిట్టలేదు. "నాకెందుకు చెప్తున్నావు? మిషన్లు బాగుచేసే షాపు నాది కాదుగా" అన్నాడు. ప్యాంటు మడతపెట్టి నా తలగడ పక్కన పెట్టాడు. చిరుగెక్కడుందో వెతికినా కనపడలేదు.

12వ తేదీ, గురువారం

ఫోను చేశాను. బావ ఎత్తాడు. "అక్కకివ్వు" అన్నాను.

13వ తేదీ, శుక్రవారం

అక్క వచ్చింది. వచ్చీ రాగానే మంచం మీద కూలబడింది.

"మీ బావ ఒకటో తారీకు నుంచి రంగుల షాపులో కౌంటరు దగ్గర చేరతాడటే. డబ్బా అందిస్తే ఎవరికీ కాళ్లు తెగవు అంటాడు. స్క్రూడ్రైవర్లన్నీ తుడిచి పెట్టెలో సర్దేశాడు."

"నువ్వేమన్నావు?"

"రంగుల్లో పచ్చకీ నీలానికీ తేడా తెలియని మనిషివి, వాళ్ల ఇళ్లు ఏమైపోతాయో అన్నాను. నవ్వుతాడేమోనని. నవ్వలేదే! ఇంట్లో నేనొక్కదాన్నే జోకులేసుకుంటున్నాను, నా జోకులకి నేనే నవ్వుకుంటున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆపవయ్యా బాబూ అని దణ్ణాలు పెట్టాను. ఇప్పుడు ఒక్కటి వెయ్యవయ్యా అని దణ్ణం పెడుతున్నాను."

అసలు సంగతి ఆఖర్న చెప్పింది. నెలనెలా మూడో ఆదివారం పొద్దున వడ్రంగులందరూ డిపోలో చేరి మిషన్లు శుభ్రం చేసుకుంటారు. ఎల్లుండి బావ అక్కడ అందరి ముందూ నిలబడి, నా అజాగ్రత్త వల్ల మరదలి కాలు తెగింది, మీరు జాగ్రత్తగా ఉండండి అని చెప్పుకుంటాడట. ఎవరూ అడగలేదు. తనంతట తనే.

రేపు వెళ్లి చెప్పేస్తాను. ఈసారి రేపంటే రేపే.

14వ తేదీ, శనివారం

వెళ్లాను. కర్ర ఊతంతో మెట్లెక్కుతుంటే బావ పరిగెత్తుకొచ్చాడు. "నడుస్తోంది! ఇదిగో చూడు, మేస్త్రమ్మ నడుస్తోంది!" అని లోపల ఉన్న అక్కని కేకేశాడు. పదిరోజుల తర్వాత ఆ మొహంలో వెలుగు వచ్చింది. వచ్చిన వెలుగుని నేనే ఆర్పడం ఎందుకని ఆగాను. మంచి ఉద్దేశంతోనే.

ముందు గదే షాపు. అరలన్నీ ఖాళీ. బల్ల మీద పాత గుడ్డ పరిచి ఉంది, దాని మీద నా మిషను ముక్కలు ముక్కలుగా. ప్రతి స్క్రూ ఒక్కో సీసామూతలో.

"ఎన్నిసార్లు విప్పావు బావా?"

"లెక్క పోయింది. గార్డు వందసార్లు వదిలాను, వందసార్లూ మూసుకుంది. తప్పు దొరికితే సరిచేసుకుంటాను కదా మరదలా. దొరకట్లేదు. ఉంది, నా కంటికి కనపడట్లేదు. ఇక నేను ఎవరి మిషను ముట్టుకోవాలి చెప్పు?"

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అక్క కాఫీ తెచ్చింది. తాగాను. "రేపు డిపోకి నేనూ వస్తాను" అని మాత్రం అన్నాను.

అక్క కాఫీ తేకపోతే చెప్పేసేదాన్నే.

కాదు. చెప్పేదాన్ని కాదు.

15వ తేదీ, ఆదివారం

ఏడుపు వస్తోంది. నవ్వు కూడా వస్తోంది. వరసగా రాస్తాను.

డిపో షెడ్డులో పాతికమంది ఉన్నారు. ప్లై షీట్ల దొంతరల మీద కొందరు, దుంగల మీద కొందరు, ఒళ్లో మిషన్లు, చేతిలో బ్రష్షులు. డిపో నడిపే ఆవిడ పెద్ద పళ్లెంలో టీ గ్లాసులు తిప్పుతోంది. నాకొక్కదానికే కుర్చీ వేశారు. మా ఆయన వెనకాల నిలబడ్డాడు.

బావ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. మళ్లీ బిగించిన నా మిషను బల్ల మీద పెట్టి, "అందరికీ ఒక మాట చెప్పాలి" అన్నాడు. గొంతు సర్దుకున్నాడు. "మొన్న మా మరదలికి దెబ్బ తగిలింది. దానికి కారణం..."

"నేను" అన్నాను.

లేచేశాను. కర్ర కింద పడింది. బావ నన్ను పట్టుకోబోయాడు. "కూర్చో అమ్మా, నేను చెప్తున్నాను కదా."

"నువ్వు ఏం చెప్తావు బావా, నీకు తెలిస్తే కదా!" అని అరిచాను. కోపం నా మీదే, అరిచింది మాత్రం ఆయన మీద.

బల్ల దగ్గరికి వెళ్లాను. వైరు పైకెత్తి ప్లగ్గు ఎక్కడా పెట్టిలేదని అందరికీ చూపించాను. కింద ఏరుకున్న చెక్క పేడు తీసుకుని, గార్డు వెనక్కి లాగి సందులో దోపాను. బ్లేడు పళ్లన్నీ బయటికి కనపడ్డాయి. "ఇలా పెట్టాను. ఆరోజు ఒక్కరోజే కాదు, చాలాసార్లు పెట్టాను. దెబ్బ తగిలాక రక్తం కారుతున్నా ముందు దాన్నే తీసి దాచాను. గార్డు మూసుకోలేదని చెప్పాను, ఎందుకు మూసుకోలేదో చెప్పలేదు. మా బావ వేసిన స్ప్రింగు బంగారంలా ఉంది. ఆయన సర్వీసులో ఏ లోపమూ లేదు. నేను పదకొండు రోజులు నోరు మూసుకున్నాను."

ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకుని నిలబడ్డాను.

అప్పుడు పెద్దమేస్త్రి దగ్గాడు. ఒళ్లో ఉన్న మిషను తిప్పి, గార్డు సందులోంచి ఓ పేడు గోటితో పీకాడు. నడిచి వచ్చి టీ పళ్లెంలో పడేశాడు. "నాది మూడేళ్లయింది పెట్టి. పాతుకుపోయింది" అన్నాడు.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒకడు లేచాడు. ఇంకొకడు. "నాది రబ్బరు ముక్క." "నేను పెన్సిలు పెట్టాను, అందుకే ఎప్పుడూ పెన్సిలు దొరకదు." "నాది ఊడదీయాలంటే పట్టకారు కావాలి, తీగతో కట్టేశాను." గోడవైపు తిరిగి దొంగచాటుగా పీకబోయిన వాణ్ని పక్కవాళ్లు పట్టుకుని ముందుకి తోశారు. డిపో ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "నా పళ్లెం కడిగేదెవరు?" అంది. షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. పదిహేడు లెక్కపెట్టాను. పదిహేడు మంది పెద్దమనుషులు, కాళ్లూ చేతులూ ఇంకా ఉన్నందుకు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. నేనూ కళ్లు తుడుచుకుంటూ నవ్వేశాను. ఇంత తేలికగా ఊపిరి పీల్చి ఎన్నాళ్లయిందో.

నవ్వుతూ బావ కోసం చూశాను. లేడు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

16వ తేదీ, సోమవారం

కుట్లు తీశారు. అదే డాక్టరు పిల్ల. "మీ ఆయన కుట్టుంటే ఇంకా బాగుండేదా?" అంది. ఈసారి నవ్వడం నా వంతు.

బావ ఫోను ఎత్తలేదు.

17వ తేదీ, మంగళవారం

ఎత్తలేదు.

18వ తేదీ, బుధవారం

పెద్దమేస్త్రి తన రెండు మిషన్లూ బావ షాపులో ఇచ్చేసి వచ్చాడట. మిగతావాళ్లూ ఇచ్చారట. అరలు నిండిపోయాయని అక్క చెప్పింది. రంగుల షాపుకి రానని కబురు పెట్టాడట. సంతోషంగా ఉంది. "నా గురించి ఏమైనా అన్నాడా?" అని అడిగాను. "నీ పేరెత్తితే లేచి వెళ్లిపోతున్నాడే" అంది.

అదీ న్యాయమే. ఆయన పదకొండు రోజులు మోశాడు, నాకు మూడు రోజులకే ఇలా ఉంది.

20వ తేదీ, శుక్రవారం

పొద్దున పనిగదిలో చప్పుడైతే వెళ్లి చూశాను. బావ. నా మిషను బల్ల మీద పెట్టి, వైరు వేళ్ల మధ్య నుంచి లాగుతూ ఎక్కడైనా చీలిందేమో చూస్తున్నాడు. నన్ను చూసి కూడా తల తిప్పలేదు.

"కోపం పోయిందా బావా?"

"పోలేదు. ఇంకో వారం ఉంటుంది."

"మరి వచ్చావుగా?"

"కోపంగా ఉంటే మాత్రం? ఈ మిషను కాస్త పొట్టు పడితే చాలు అరుస్తుంది. దాని సంగతి ఇంకెవరికి తెలుసు?" అన్నాడు. "ఆ పట్టీ కొయ్యి. చూస్తాను."

ఆరోజు నుంచి మిషను నడపలేదు నేను. పట్టీ పెట్టి క్లాంపులు బిగించాను. గార్డు లాగి వదిలాను, మూసుకుంది. కళ్లద్దాలు పెట్టుకున్నాను. ప్లగ్గు ఒకసారి పెట్టి తీసి, మళ్లీ పెట్టాను. పక్కకి జరిగి నిలబడ్డాను. ఎడమచేత్తో గార్డు కొంచెం ఎత్తి, బ్లేడు దిగాక వదిలాను. కోశాను. స్విచ్ వదిలి, రెండు చేతులతో పట్టుకుని, బ్లేడు పూర్తిగా ఆగేదాకా నిలబడి, అప్పుడు దించాను.

"ఊఁ" అన్నాడు. ప్లగ్గు తీసి కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు.

"ఒక్కటే అర్థం కాలేదు నాకు. ఆరోజు అంత రక్తం పోతుంటే, ముందు ఆ ముక్క ఎందుకు తీశావు? చచ్చిపోతే?"

ఏదైనా చమత్కారంగా చెబుదామనుకున్నాను. దొరకలేదు.

"నువ్వు చూస్తే తిడతావని" అన్నాను.

"నేనా? నేను తిడతాననా?"

"నీ దగ్గరే కదా బావా నేర్చుకున్నాను. మా మరదలొక్కతే పుల్ల పెట్టదని అందరికీ చెప్తావు కదా. ఆ మాట పోతుందనిపించింది. కాలు గుర్తు రాలేదు."

ఆయన జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "పొట్టు ఎక్కువైంది ఇక్కడ" అన్నాడు. లేచి, నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసి, గబగబా వెళ్లిపోయాడు. బాగా గట్టిగా వేశాడు. ఇంత హాయిగా ఎప్పుడూ దెబ్బ తినలేదు.

అరగంట కాలేదు, అక్క ఫోను.

"ఒసేయ్, ఏం చెప్పావే మీ బావకి? ఇంట్లోకి వస్తూనే కుర్చీలో కాలు మీద కాలేసుకుని, 'మంచినీళ్లు!' అని గద్దించాడు. ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావంటే, 'నేనంటే హడలిపోయేవాళ్లు ఉన్నారు, తెలుసుకో' అంటున్నాడు!"

"ఇచ్చావా నీళ్లు?"

"లేచి తెచ్చుకోమన్నాను."

"తెచ్చుకున్నాడా?"

"తెచ్చుకున్నాడు. నాకూ ఓ గ్లాసు తెచ్చాడు. తెస్తూ తెస్తూ, 'రాణీగారికి నీళ్లు, మంత్రిగారికి మరదలి భయభక్తులు' అని ఏదో పిచ్చి జోకు వేశాడే. ఏం బాగాలేదు. అస్సలు బాగాలేదు..."

అక్క ముక్కు చీదింది. లోపల్నుంచి బావ ఇంకో జోకు మొదలుపెట్టడం వినపడింది. అది అయిపోయేదాకా ఇద్దరం ఫోను పట్టుకునే ఉన్నాం.